డీజిల్ తాగిన ఎలుకలు

రెండు వేల సంవత్సరం చివర్లో, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నారుమళ్లు పోసే రోజుల్లో, నన్ను భీమవరానికి దిగువన ఉన్న ఒక మండలానికి వ్యవసాయ విస్తరణాధికారిగా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగే గాని స్థాయి చిన్నది. మండల వ్యవసాయాధికారి చెప్పింది రైతులకు చెప్పాలి. రైతులు అన్నది ఆయనకు చెప్పకుండా ఉండాలి. రైతులు మమ్మల్ని ఏఈఓ అనేవారు.

అప్పటికే డీజిల్ ధర బాగా పెరిగింది. ఇంధనం పొదుపుగా వాడాలని జిల్లా కార్యాలయం సర్క్యులర్ పంపింది. దాన్ని అందజేయడానికి ఒక జీపు ప్రత్యేకంగా వచ్చింది. ఆ తర్వాత ఆ జీపు మావైపు రాలేదు. నేను సైకిలు కొనుక్కున్నాను.

బస్టాండు దగ్గర టీ ధర కూడా పెరిగింది. "ఏంటయ్యా, టీ డీజిలు మీద కాస్తున్నావా?" అని అడిగాను.

"పాలు నడిచి రావు కదండీ, ఆటోలో వస్తాయి" అన్నాడు కొట్టు యజమాని. పాత ధరకు కాస్త తక్కువ పోసి ఇమ్మన్నాను. ఇవ్వలేదు.

నాకు అప్పగించిన పని సామూహిక ఎలుకల నివారణ. డెల్టాలో ఎలుకలు చేలగట్లను తొలిచి కాపురం పెడతాయి, వరి దుబ్బులు కొరుకుతాయి. మొదటి రోజు గట్ల మీది బొరియలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాటికి తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు. నూకలకు నూనె పట్టించి, మందు కలిపి, పొట్లాలు కట్టి వాటిలో వేయాలి. ఇదంతా చేను పొట్టకు రాకముందే, ఊరంతా ఒకేసారి చేయాలి. ఒక్కడే చేస్తే అతని ఎలుకలు పక్కచేలోకి వెళ్లి, గొడవ సద్దుమణిగాక తిరిగి వస్తాయి. ఊరూరా సభలు పెట్టాను. సభకు సర్పంచి గారు వచ్చేవారు, నేను వచ్చేవాణ్ణి. ఎలుకల తరఫున ఎవరూ రాలేదు గాని, రైతుల తరఫున కూడా ఎవరూ రాలేదు.

ఆ మండలంలో కాలువ చివరి భూములకు దాళ్వాలో నీరు ఎక్కదు. ఆయిల్ ఇంజన్ పెట్టి కాలువలోంచి బోదెలోకి, అంటే చేలకు నీళ్లు తీసుకెళ్లే పిల్లకాలువలోకి, తోడుకోవాలి. ఒక బోదె మొదట్లో సుబ్బరాజు గారి పొలం. ఇంజను కూడా ఆయనదే. చిట్టచివర సూర్యారావు అనే కౌలు రైతు చేను. వెనకటికి అద్దె డీజిలుతో కలిపి ఉండేది. ధర పెరిగాక, ఎవరి డీజిలు వారే తెచ్చుకోమన్నారు రాజు గారు. అందులో తప్పులేదు. సూర్యారావు సైకిలుకు డబ్బా కట్టుకుని బంకు నుంచి తెచ్చుకునేవాడు.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం అతను నన్ను రోడ్డు మీదే ఆపాడు. "డబ్బా అంతా కాలిపోతోంది గానీ నా చేను తడవట్లేదండి. వారంలో చిరుపొట్టకి వస్తాది. ఇప్పుడు ఎండితే తాలే. ఈ పంట పోతే పైయేడు ఈ పొలం నాకివ్వరండి."

చిరుపొట్ట అంటే కంకి లోపల రూపు కట్టే దశ. అప్పుడు నీరు తప్పితే గింజ పాలుపోసుకోదు. అతను అతిశయోక్తి చెప్పడంలేదు.

బోదె వెంట నడిచాం. ఇంజను సూర్యారావు డీజిలుతో నడుస్తోంది. బోదె గట్టు అవతల, రాజు గారి చేలో, బుడబుడమంటూ నీళ్లు ఊరుతున్నాయి. గట్టు నిండా బొరియలు. ఇంజను చప్పుడు విని రాజు గారు వచ్చారు.

"ఏమోయ్, ఏఈఓ గారిని సాక్ష్యానికి తెచ్చుకున్నావా? ఆ ఎలకల్ని నేనేమన్నా పెంచుతున్నానా?"

"మీరు పెంచట్లేదండి. నేను మేపుతున్నానండి, డీజిలు పోసి."

రాజు గారు భుజం మీది తువ్వాలు దులిపారు. పెద్ద ఘట్టమేదో జరగబోతోందని పక్కచేలవాళ్లు పనులాపి చూస్తున్నారు. నేను వారిని నిరుత్సాహపరిచాను. "రాజు గారూ, ఒక్కసారి ఇటొస్తారా" అని ఆయన చేను రెండోవైపు గట్టుకు తీసుకెళ్లాను. అటు మురుగుకోడు, చేలలో మిగిలిన నీరు దిగిపోయే కాలువ. ఆ గట్టుకూ అంతే బొరియలు. క్రితం రోజు రాజు గారు తన డీజిలుతో పెట్టుకున్న తడి కోడులోకి సన్నగా కారుతోంది.

ఆయన వంగి, కారే నీటికి అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఇది ఎక్కడికి పోతాదండి?"

"సముద్రానికండి."

"అంటే నా డీజిలు కూడానా!"

ఆ సాయంత్రం ఊళ్లో సభ పెట్టింది నేను కాదు, రాజు గారు. మర్నాడు ఆ బోదె కింది రైతులందరూ పారలతో వచ్చారు. బొరియలన్నీ మూశారు, మరుసటి రోజు తెరుచుకున్నవాటిలో పొట్లాలు వేశారు, ఆపైన గట్లకు బంకమట్టి మెత్తారు. నా గోడపత్రికలు, మైకు చేయలేని పనిని బంకులో ధరల బోర్డు చేసింది. అంతకుముందూ ఆ గట్లు కారుతూనే ఉన్నాయి. డీజిలు చవగ్గా ఉన్నన్నాళ్లూ బొరియలు ఎవరికీ కనబడలేదు.

తర్వాతి తడికి నీళ్లు సూర్యారావు చేను చివరి మడి దాకా పారాయి. "తడిసిందండోయ్!" అని అతను అరిస్తే, ఇంజను దగ్గరున్న రాజు గారు, "అయితే ఆపేయనా? లేక సముద్రం దాకా పంపమంటావా?" అని కేకేశారు.

చేను పండింది. కౌలు నిలిచింది. కళ్లంలో ధాన్యం కొనడానికి వచ్చిన కమీషన్ ఏజెంటు, లారీ కిరాయి పెరిగింది కనుక బస్తా ధర కాస్త తగ్గించక తప్పదన్నాడు. సూర్యారావు నావైపు చూశాడు. "మరి నా ఇంజను ఖర్చు ఎవరి దగ్గర తగ్గించుకోమంటారండి?" అన్నాడు. నేను ఏజెంటు వైపు చూశాను. ఏజెంటు లారీ వైపు చూశాడు.

నేను గ్రహించింది ఇంతే. డీజిల్ ధర పెరిగితే ఆటో అతను, టీ కొట్టు అతను, లారీ యజమాని, ఏజెంటు ఎవరి బరువు వారు పక్కవాడి మీదికి జరుపుతారు. రైతుకు జరపడానికి పక్కన ఎవరూ ఉండరు. కాలువకే కాదు, ధరకు కూడా అతనిది చివరి భూమే. గట్టులో బొరియ ఎలా పూడ్చాలో సర్వీసంతా చెప్పాను. ఈ రెండో బొరియ సంగతి అడిగినవాళ్లకు మాత్రం, అది మా శాఖ పరిధిలోకి రాదని చెప్పేవాణ్ణి. రాదు కూడా.