బెల్లం తక్కెడలో బిడ్డ

నిన్న తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే బస్సులో విరిగిన పాల వాసన వచ్చింది. పక్కసీటు అమ్మాయి భుజం మీద బిడ్డ కక్కినట్టుంది. కొంగుతో తుడుచుకుంటూ, ఏదో తప్పు చేసినదానిలా నావైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగానే గాని, చిత్తూరు వచ్చేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. సుగుణమ్మ గుర్తొస్తుంది.

డెబ్బైల చివర మాట. మాది చిత్తూరులో బెల్లం వ్యాపారం. ముందు మండీ, వెనక ఇల్లు. మా పెద్దవాడు రెండో నెల నుంచి తాగిన పాలు తాగినట్టే కక్కేవాడు. మా మామ తూచి చూస్తేగాని దేన్నీ నమ్మని మనిషి. రోజూ పొద్దున మండీ తెరవగానే మనవణ్ణి గుడ్డలో చుట్టి, బెల్లం తూచే తక్కెడలో పడుకోబెట్టి, హమాలీలందరి ముందూ బరువు గట్టిగా చెప్పేవాడు. ఒక వారం పాటు ఆ బరువు పెరగకపోయేసరికి మా అత్త తేల్చేసింది.

"నీ పాలల్లో సత్తువ లేదు. నెల రోజులు సూస్తాం. అప్పటికీ ఇంతే అయితే బిడ్డని బంగారుపాళ్యం పంపిస్తాం. పెద్దకోడలు తన బిడ్డతోపాటు వీడికీ పాలిస్తాది, ఆడే పెరుగుతాడు."

మా తోడికోడలు మంచిదే. మంచిదని కన్నబిడ్డను ఇచ్చుకుంటామా?

మర్నాటి నుంచి నేను అతితెలివికి పోయాను. తూకానికి పది నిమిషాల ముందు, ఎవరూ చూడకుండా, ఉగ్గుగిన్నెతో ఆవుపాలు వాడి గొంతుదాకా పోసేదాన్ని. బరువు పెరిగేది. అది బిడ్డ బరువు కాదు, పాల బరువు. అరగంటలో అంతా కక్కి గుక్కపట్టి ఏడ్చేవాడు. వాణ్ణి ఎత్తుకుని వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ, రేపు ఇంకో గిన్నె ఎలా దించాలా అని ఆలోచించేదాన్ని. రాయడానికి సిగ్గుగానే ఉంది.

సుగుణమ్మ మా వీధిలో పిల్లలకు సూదులు వేయడానికి వచ్చే సర్కారు నర్సు. తెల్లచీర, నల్లగొడుగు, ఎవరో తరుముతున్నట్టు నడక. ఎవరింట్లోనూ కూర్చునేది కాదు. ఒకరోజు ఆమె మండీ గుమ్మంలో ఉండగానే వాడు తక్కెడలో భళ్ళున కక్కాడు. పాలు పళ్ళెంలోంచి కింద బెల్లం అచ్చుల మీదికి కారాయి. ఆమె ఆ పాలకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. వెనకే వెళ్ళాను.

"పొద్దున్నుంచీ ఎంత పోసినావు?"

"ఒక్క గిన్నె," అన్నాను. పోసింది మూడు.

"నాకు అబద్ధం చెప్తే చెప్పినావులే. వాడి కడుపుకి ఏం చెప్తావు?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. బిడ్డ కడుపు తడిమి, నాలుక చూసి, రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతాడనీ, కక్కింది పచ్చగా ఉంటుందా అనీ అడిగింది.

"ఉచ్చ బాగానే పోస్తా ఉండాడు. అయినా పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకి సూపిద్దాం. ఆ గిన్నె మాత్రం కడిగి బోర్లించు. నీ పాలే కొంచెం కొంచెంగా ఇయ్యి. ఇచ్చినాక భుజాన నిలబెట్టుకో. మొహం తిప్పితే ఆపెయ్యి. ఎంత కావాలో వాడికి తెలుసు పాపా, నీకే తెలీదు."

తర్వాత మండీలోకి వచ్చి మా మామతో అంది: "రోజూ ఎత్తి దించితే బెల్లమైనా తరుగుతాది కదా పెద్దాయనా. ఇంక నెల తిరిగినాకే తూద్దాం. నేనొచ్చి తూస్తాను." నా దొంగతనం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తరుగు సంగతి తెలిసిన మనిషి కాబట్టి మామ కాదనలేకపోయాడు.

డాక్టరూ ఆమె చెప్పినట్టే చెప్పాడు. ఆ నెలంతా ఆమె రెండ్రోజులకోసారి వచ్చి పెరటి మెట్టు మీద నా పక్కన కూర్చునేది. నాకు నిలకడ ఉండేది కాదు. "బరువు పెరగకపోతే ఎట్లక్కా?" అని అడిగిందే అడిగేదాన్ని.

"అది అప్పుడు సూస్తాం. ఇప్పుడు వాణ్ణి సూడు," అనేది.

తూకం రోజు ఆమె చెప్పిన వేళకు రాలేదు. మండీలోంచి మామ పిలుస్తున్నాడు. నా చెయ్యి ఉగ్గుగిన్నె మీదికి పోయింది. పాలు పోసి వాడి పెదవికి ఆనించాను కూడా. వాడు మొహం తిప్పేశాడు. బిడ్డ బంగారుపాళ్యం బస్సెక్కి పోతున్నట్టే అనిపించింది. అయినా గిన్నె దించేసి, వాణ్ణి అలాగే తీసుకెళ్ళి తక్కెడలో పడుకోబెట్టాను. అప్పుడు వచ్చింది సుగుణమ్మ, రొప్పుతూ. వాడు అరకిలో పైగా పెరిగాడు. మామ రాళ్ళు రెండుసార్లు మార్చి చూసుకుని, ఈసారి బరువు గట్టిగా చెప్పలేదు. "ఎత్తుకోమ్మా, బిడ్డకి చలి," అన్నాడు. అత్త బంగారుపాళ్యం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత రెండేళ్ళకు సుగుణమ్మ బదిలీ మీద ఎటో వెళ్ళిపోయింది. బిడ్డకు పాలివ్వడం నేర్పిందని ఆమె గురించి అందరికీ చెబుతుంటాను. అసలు సంగతి అది కాదు. నేను పోసిన పాలన్నీ వాడి ఆకలికి కాదు, నా భయానికి పోశానని ఆమె వల్లే తెలిసింది. ఇప్పుడు వాడికి తల నెరిసింది. అన్నానికి కూర్చుంటే "చాలమ్మా" అని చెయ్యి అడ్డం పెడతాడు. అయినా నా గరిటె ముందుకే పోతుంది. ఇది వాడి ఆకలికా, నా భయానికా అని నన్ను నేనే అడిగి చూసుకుంటాను. చాలాసార్లు జవాబు నాకు నచ్చదు. గరిటె పక్కన పెట్టేసి, వాడు తినేదాకా ఊరికే కూర్చుంటాను.