అత్తయ్య నూరిన క్యారెట్టు పచ్చడి

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. చేసింది ఆమె కొడుకు, మా బావ. గుంటూరులో పురుగుమందుల కొట్టు నడుపుతాడు. "అమ్మ పోయింది. పొద్దున్నే పాలు కాస్తూ కూలబడిపోయింది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "పెద్దకర్మకి భోజనాలు ఘనంగా పెట్టాలి. క్యారెట్ హల్వా చేయిద్దామనుకుంటున్నా, అమ్మకి ప్రాణం కదా" అన్నాడు. శవం ఇంకా వసారాలోనే ఉంది. అప్పుడే మెనూ. అదైనా సరైన మెనూనా అంటే అదీ కాదు.

ఏడవాల్సిన నేను పళ్లు నూరుకున్నాను. కన్నతల్లికి ఏది ఇష్టమో తెలియని కొడుకుని ఏమని ఓదార్చను? మా అత్తయ్యకి క్యారెట్ హల్వా అంటే అసహ్యం. ఆమె చేతి హల్వా ఊరంతా తింది. ఆమె మాత్రం గరిటె చివర కూడా నాలుక్కి తగలనిచ్చేది కాదు. తీపి సరిపోయిందో లేదో నన్ను చూడమనేది. ఆ సంగతి బావకి తెలియదు. తినడం తప్ప ఆ ఇంట్లో మగవాళ్లకి వంట గురించి తెలిసింది ఎప్పుడూ లేదు.

తొంభైల చివర్లో నేను గుంటూరులో బి.ఎడ్. చదువుతూ, దగ్గర్లోని పల్లెలో అత్తయ్య వాళ్లింట్లో ఉన్నాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఊరి చుట్టూ మిరప, పత్తి. కోతల కాలంలో కళ్లాల మీద ఎర్రగా కాయ పరిచి ఉంటే ఆ దారిన నడిచేవాళ్లంతా తుమ్ముకుంటూ నడిచేవాళ్లు. అక్కడి మగవాళ్లకి ఒక విచిత్రమైన గొప్ప ఉండేది. ఎవడు ఎంత కారం తినగలడన్నదే వాడి మగతనం. పొలం పండకపోయినా, కొడుకు పరీక్ష తప్పినా తలెత్తుకు తిరిగేవాడు, పచ్చడి తిని మంచినీళ్లు అడిగితే మాత్రం తలదించుకునేవాడు. ఆ పోటీలో ఊరికి మొదటివాడు మా మామయ్య. పొద్దున్నే చద్దన్నంలోకి పండుమిరపకాయల కొరివికారం పిడికెడు వేసుకుని, అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లకి కనిపించేలా తినేవాడు. ఆ తినడం ఆకలి కోసం కాదు, ప్రదర్శన కోసం.

ఒక రోజు కళ్లంలోనే రక్తం కక్కుకున్నాడు. కడుపులో పుండు. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు అత్తయ్యని పక్కకి పిలిచి, "ఈయన మళ్లీ కారం ముట్టుకుంటే నా దగ్గరికి తీసుకురాకండమ్మా, ప్రయోజనం ఉండదు" అన్నాడు. మంచం మీద ఉన్నంతసేపూ మామయ్య బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఇంటికి వచ్చాక మొదలుపెట్టాడు. "వాడొక పిల్లకుంక. వాడి మొహం, వాడికేం తెలుసు కారం సంగతి?"

కొన్ని వారాలు చప్పిడి కూర, పెరుగన్నం తిన్నాడు. అదీ వెనక గదిలో, తలుపు వేసుకుని. చావుకి భయపడని మనిషి, ఉడకబెట్టిన సొరకాయ తింటూ పక్కింటివాడి కంటపడటానికి భయపడ్డాడు. వీళ్ల ధైర్యం గురించి ఇక చెప్పేదేముంది! కాస్త ఓపిక రాగానే కంచం తోసేసి, "రేపట్నుంచి కోతలు. కూలీల ముందు పెరుగన్నం తినమంటావా? పచ్చడి వేస్తావా, సెంటర్లో హోటల్‌కి పొమ్మంటావా?" అని అరిచాడు. హోటల్‌కి వెళ్తాడని మాకు తెలుసు. వెళ్తే ఏమవుతుందో కూడా తెలుసు.

అత్తయ్య ఏడవలేదు, బతిమాలలేదు. వంటింట్లోకి వచ్చి నా వైపు తిరిగి, "ఈ పొగరుబోతుని ఊరికే చావనిస్తే నాకు నామోషీనే" అంది. ఆమె ప్రేమ ఎప్పుడూ ఆ భాషలోనే ఉండేది. మెత్తగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని అనుమానించాల్సి వచ్చేది.

డాక్టరు క్యారెట్టు పెట్టమన్నాడని నేను గుంటూరు బజారు నుంచి తెచ్చాను. అప్పట్లో ఆ ఊళ్లో పెళ్లి వంటలకి తప్ప క్యారెట్టు మొహం చూసినవాళ్లు లేరు. ఉడకబెట్టి పెడితే మామయ్య, "కుందేళ్ల మేత నాకు పెడతావా" అని అవతల పారేశాడు. అత్తయ్య మిగిలిన దుంప ఒకటి తీసి కొరికి మొహం చిట్లించింది. "ఏం దుంపే ఇది? కూరకి పనికిరాదు, పండు కాదు. ఎవరేమన్నా ఇకిలించుకుంటూ ఉండే పట్నం చుట్టంలా, ఊరికే తియ్యగా ఉంటుంది." అలా తిడుతూనే దాన్ని కోరాముకి రాయడం మొదలుపెట్టింది. పారేయడం ఆమెకి చేతకాదు. కోరు దోసిట్లోకి తీసుకుని కాసేపు చూసింది. "ఒసే, ఇటు చూడు. ఇది పండుమిరపకాయ రంగు కాదూ?"

ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. కోరుని నువ్వులనూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గబెట్టింది. నాలుగు ఎండుమిరపకాయలు చీల్చి గింజలన్నీ దులిపేసి, ఉత్త తొక్కలు నీళ్లలో నానేసి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానేసింది. మిరపకాయ వాసన మాత్రం మిగిలింది. ఉప్పు, తీపి తెలియనివ్వని పాటి చింతపండు, వేయించిన మెంతిపిండి వేసి రోట్లో నూరింది. మెత్తగా కాదు, పండుమిరపకాయ పచ్చడి ఎలా కచ్చాపచ్చాగా ఉంటుందో అలా. పైన ఇంగువ తాలింపు. దాని మీద వేయించిన నిండు మిరపకాయ ఒకటి నిలబెట్టింది, ఉత్త షోకుకి.

మర్నాడు అరుగు మీద కూర్చుని మామయ్య ముద్ద కలిపాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వారాల తరబడి చప్పిడి తిని ఆయన నాలుక చంటిపిల్లవాడి నాలుక అయిపోయింది. ఆ తొక్కల పొగరు చాలు దానికి. ఒక్క ముద్ద మింగి, కళ్లు మూసుకుని, "అబ్బ! ఇదీ కారమంటే! ప్రాణం లేచొచ్చింది" అన్నాడు. అత్తయ్య నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వచ్చి రోలు కడుగుతూ, "వీళ్ల నాలుకలు కళ్లలో ఉంటాయే" అంది. ఆ గొంతులో ఉన్నది పచ్చి అసహ్యం. కానీ ఆ రోజు ఆమె రెండు పూటలా అన్నం తింది. అంతకుముందు చాలా రోజులుగా తినలేదు.

అప్పట్నుంచి వంటింట్లో రెండు జాడీలు. ఒకదాంట్లో అసలైన కొరివికారం, రెండోదాంట్లో మామయ్య పచ్చడి. రెండోది ఎవరు అడిగినా, "అది ఆయనకేనమ్మా, మీరు తట్టుకోలేరు" అనేది. ఆ మాట ఊళ్లో పాకి మామయ్య కీర్తి ఇంకా పెరిగింది. ఆయన కూడా నమ్మి మీసం మెలేసేవాడు. నిజంగా ఆ ఇంట్లో కారం తినే మనిషి ఒక్కరే. అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గోడకి చేరబడి, వేడన్నంలో కొరివికారం కలుపుకుని, కంట్లో చుక్క నీరు లేకుండా తినే మా అత్తయ్య. ఆమెని ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ చూడలేదు కూడా.

ఇన్ని క్యారెట్లు ఎందుకని ఇరుగుపొరుగు అడుగుతారుగా. అందుకు పుట్టింది హల్వా. క్యారెట్టు సన్నగా కోరి, చిక్కటి పాలల్లో ఇగిరేదాకా ఉడికించి, నెయ్యి అంచులకి తేలేదాకా కలిపేది. రంగు వేసేది కాదు, కోవా వేసేది కాదు. ఒక్కోసారి మిగిలిన కోరుకి శనగపప్పు, బెల్లం చేర్చి బూరెలు వండేది. నాకు టిఫిన్ డబ్బాలోకి పెసరపప్పు చల్లి, పచ్చికొబ్బరి వేసి క్యారెట్టు వేపుడు చేసి ఇచ్చేది. ఆ దుంపని అన్ని రకాలుగానూ తిట్టింది, అన్ని రకాలుగానూ వండింది. ఊరు మాత్రం ఆమెకి తీపి పిచ్చి అని తేల్చేసింది. మామయ్యయితే వచ్చినవాళ్లందరి ముందూ, "మా ఇంటిదానికి ఆ ఆడంగి తీపి ఉంటే చాలు. నేను చస్తే ముట్టను" అని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "చెప్పెయ్యి అత్తయ్యా" అంటే, "వండినదానికి పొగడ్తలెందుకే? తిన్నవాడు రేపు కూడా కనిపిస్తే చాలు" అనేది.

ఒకసారి బావ మామగారు వచ్చాడు. పర్చూరు వైపు పొగాకు రైతు, ఆయనదీ అదే కారం గొప్పల జబ్బు. "బావగారూ, మీ పచ్చడి మహిమ అందరూ చెబుతారు. ఇవాళ తినందే లేవను" అని పీట మీద బైఠాయించాడు. మామయ్య గొంతు పెంచి, "తేవే! ఇద్దరికీ వెయ్యి!" అన్నాడు. అత్తయ్య తొణకలేదు. మామయ్య కంచంలో ఆయన జాడీలోంచి వేసింది. వియ్యంకుడి కంచంలో అసలు కొరివికారం గరిటె నిండా వేసింది. రెండు ముద్దలకి ఆ పెద్దమనిషి మొహం ఎర్రబడింది, ముక్కు కారింది, చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు. మామయ్య చల్లగా ముద్ద మీద ముద్ద మింగుతూ, "ఏం బావగారూ, ఇంతేనా?" అన్నాడు. తలుపు చాటున అత్తయ్య నా చెవిలో, "ఒకడు కారం తిని ఓడాడు, ఒకడు క్యారెట్టు తిని గెలిచాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు" అంది.

నాకు ఉద్యోగం వచ్చి ఆ ఊరు వదిలాక కూడా ఆ జాడీ ఖాళీ అవలేదు. క్యారెట్టు మా ఊళ్ల కొట్లలోకి కూడా వచ్చేసింది. కోసే పద్ధతి, మగ్గబెట్టే మంట, తిట్టే తిట్లతో సహా నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మామయ్య కడుపు మళ్లీ మొండికెయ్యలేదు. ఆయన దాన్ని తన ఒంటి గట్టిదనం అనుకున్నాడు.

పెద్దకర్మ రోజు ఇంటి ముందు షామియానా, వరసగా బల్లలు. బావ తెప్పించిన వంటవాళ్లు హల్వా చేశారు. అది హల్వా కాదు, రంగునీళ్లలో నానిన కోరు. వచ్చినవాళ్లు అది తింటూ, "పాపం, ఆవిడకి ఎంతిష్టమో" అని నిట్టూర్చారు. బతికుండగా ఒక్క రోజు కూడా నువ్వు తిన్నావా అని అడగనివాళ్లు. ఆ పక్కనే కొత్త పండుమిరపకాయల పచ్చడి బకెట్టు. "నాన్నకి అది లేకపోతే ముద్ద దిగదు కదా" అని బావే చెప్పి చేయించాడు. "వద్దు బావా, ఆయన కడుపు మంచిది కాదు" అన్నాను. "నాన్న కారం సంగతి నాకు చెబుతావా?" అని నవ్వాడు. మైల రోజులన్నీ పప్పూ చారుతో గడిచాయి కాబట్టి ప్రమాదం అప్పటిదాకా రాలేదు.

వడ్డించే మనిషి మామయ్య విస్తరి దగ్గర ఆగి, "కారం ఎక్కువండీ" అన్నాడు. "నాకు చెబుతున్నావా? ఇంకా వెయ్యి" అన్నాడు మామయ్య. ఎదురుగా పర్చూరు వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు. ఆపాలంటే అందరి ముందూ చెప్పాలి. చెబితే అత్తయ్య ఇన్నేళ్లు కాపాడిన ఆయన పరువు నా చేతుల మీదుగా పోతుంది. నేను పెరుగు గిన్నె తీసుకుని పరుగెత్తేసరికి మొదటి ముద్ద లోపలికి వెళ్లిపోయింది.

ఆయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు ధారగా కారాయి. అప్పటిదాకా ఆయన ఏడవలేదని గుసగుసలాడినవాళ్లే, "అదిగో, ఇప్పుడు బయటపడింది దుఃఖం" అన్నారు. వియ్యంకుడు లేచి వచ్చి భుజం మీద చెయ్యేసి, "ఊరుకోండి బావగారూ. చెల్లెమ్మ గుర్తొచ్చింది పాపం" అన్నాడు. నేను విస్తట్లో పచ్చడి మీద పెరుగు కుమ్మరించాను. అంతకన్నా మంచి సాకు ఆయనకి జన్మలో దొరకదు, పట్టుకుని వేలాడతాడు అనుకున్నాను. ఆ మనిషి మీద నాకు అంతకుమించిన ఆశ ఎప్పుడూ లేదు.

మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "అమ్మాయ్, మీ అత్త నాకేం పెట్టేదే?"

"క్యారెట్టు, మామయ్యా" అన్నాను మెల్లగా.

"ఎప్పట్నుంచి?"

"మీరు ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి."

ఆయన నా చెయ్యి వదిలాడు. వియ్యంకుడి వైపు తిరిగి, షామియానా చివరిదాకా వినపడేలా, "గుర్తొచ్చి కాదు బావగారూ. కారం. తట్టుకోలేకపోతున్నా" అన్నాడు. "నేను కారం తిని ఏళ్లయింది. అది నాకు క్యారెట్టు నూరి పెట్టింది. ఆ రోజు మీ ముందు తిన్నది కూడా క్యారెట్టే. అది పెట్టింది కాబట్టి బతికున్నా."

నవ్వాలో ఏడవాలో తెలియక అందరూ విస్తళ్లలోకి చూసుకున్నారు. బావ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మామయ్య విస్తరి అంచున ఉన్న హల్వాని దగ్గరికి లాక్కున్నాడు. అత్తయ్య అయితే ఆ హల్వాని గేదెల కుడితిలో కూడా పోయనిచ్చేది కాదు. ఆయన మాత్రం కళ్లూ ముక్కూ కారుతుండగా, తుడుచుకోకుండా, వేళ్లకి అంటింది కూడా నాకుతూ తిన్నాడు. తిని, వడ్డించే మనిషిని పిలిచి, ఇంకాస్త వెయ్యమన్నాడు.