గంతుల మావయ్య పక్కన ఎవరో ఒకరు

గంతుల మావయ్యకు ఫోటోలో ఒంటరిగా నిలబడటం చేతకాదు. టీవీలో పిల్లల కార్యక్రమం నడుపుతూ కోతిలా వేలాడతాడు, కప్పలా దూకుతాడు. అరవై దాటినా పిల్లలకు ఆయనంటే ప్రాణం. కెమెరా క్లిక్‌మనే వేళకు మాత్రం ఎవరినో ఒకరిని చెయ్యి పట్టి లాగి పక్కన నిలబెట్టుకుంటాడు.

తెర వెనక ఫోటోలు తీసే ఆవిడకు ఇదో పెద్ద తలనొప్పి. మేకప్ గదిలో తీస్తే అద్దంలో దర్జీ ఉంటాడు. మెట్ల మీద మాటలు బట్టీ పడుతుంటే పిల్లిలా వెళ్ళి తీస్తుందా, పక్కన వడ్రంగి సుత్తితో సహా పళ్ళికిలిస్తుంటాడు.

"మావయ్యా, ఒక్కసారి ఒక్కరే నిలబడండి."

"నిలబడ్డానుగా తల్లీ."

"మరి మీ భుజం మీద చెయ్యి ఎవరిది?"

"ఇతనా? దారిన పోతుంటే పలకరించాను."

పైగా చెడిపోయిన ప్రతి ఫోటోకీ కాపీ కావాలంటాడు. తన మొహమంటే తనకింత మోజా అని ఆవిడ నవ్వుకునేది.

ఈసారి నవ్వులాట కాదు. కార్యక్రమం తెర వెనక కథలన్నీ పుస్తకంగా వేస్తున్నారు. ముఖచిత్రానికి మావయ్య ఒక్కడే ఉన్న ఫోటో సాయంత్రంలోగా రాకపోతే పని ఇంకొకరికి ఇస్తానని ఎడిటర్ తేల్చి చెప్పాడు. ఆవిడ సెట్‌లోంచి అందర్నీ తరిమి గడియ పెట్టింది. నిచ్చెన మీద లైట్ల పెద్దాయన ఒక్కడే మిగిలాడు. కెమెరా ఎత్తి నొక్కేసరికి ఆయన కిందికి దిగి మావయ్య పక్కన నిలబడి ఉన్నాడు.

ఆవిడకు ఒళ్ళు మండింది. మావయ్య బట్టలు మార్చుకోవడానికి వెళ్ళగానే పెద్దాయన్ని నిలదీసింది.

"ఆయన పిలిస్తే మాత్రం దిగొచ్చేయాలా?"

"ఏం చెయ్యనమ్మా," అన్నాడు పెద్దాయన తల గోక్కుంటూ. "'మా తాత గంతుల మావయ్య దగ్గర పనిచేస్తాడు' అని మా మనవరాలు చెబితే బడిలో దాన్ని అబద్ధాలకోరన్నారట. దర్జీ కూతురికీ అదే గొడవ. అది తెలిసినప్పట్నించీ మావయ్య మా అందరితోనూ ఫోటోలు దిగుతున్నారు. కాపీలు ఇళ్ళకు పంపేది కూడా ఆయనే."

ఆవిడ కోపం ఇట్టే దిగిపోయింది. ఆ ఫోటోనే ఎడిటర్‌కు పంపింది. వెంటనే ఫోన్ వచ్చింది.

"పక్కన ఈయనెవరు?"

"మావయ్య మొహం మీద వెలుగు పడేలా చూసే మనిషి. తెర వెనక పుస్తకంలో తెర వెనక మనిషి ఉంటే తప్పేముందండీ?"

ఎడిటర్ నసిగాడు గానీ చివరికి సరేనన్నాడు.

ఈ సంగతి చెబితే మావయ్య ముఖచిత్రం ఊసే ఎత్తలేదు. "మీ అబ్బాయి దగ్గర మనిద్దరి ఫోటో ఉందా తల్లీ?" అంటూ కెమెరా లాక్కుని పెద్దాయన చేతిలో పెట్టాడు. పెద్దాయన తీసిన ఫోటోలో ఆవిడ నిండుగా పడింది, మావయ్య తల సగమే పడింది. ఆ సగం తల గంతుల మావయ్యదని ఆవిడ కొడుకు చెబితే వాడి బడిలో ఒక్కరూ నమ్మలేదు. మిగతా సగం చూపించడానికి మావయ్య స్వయంగా బడికి వెళ్ళాల్సి వచ్చింది.