ఊరేగింపు రాకముందే ఊడ్చిన సందు

బెంగాల్లో మునిసిపాలిటీ వీధులు ఊడ్చే మా పనికి ఒక వరస ఉండేది. ముందు నేను సందు ఊడ్చేదాన్ని. ఆ తర్వాతే నీళ్ల దాదా, అంటే నీళ్లు పట్టే అన్న, గొట్టం బిగించి గంగ నీళ్లతో రోడ్డు కడిగేవాడు. ఊడవని సందులో నీళ్లు వదిలితే చెత్త కాలవకి అడ్డం పడుతుందని పంపు ముట్టుకునేవాడే కాదు.

ఒకరోజు కడిగిన రోడ్డు ఆరాక ఎర్రజెండాల ఊరేగింపు వచ్చింది. సందంతా కరపత్రాలు. నేను అప్పటికి పక్క వీధిలో ఉన్నాను. ఇన్‌స్పెక్టరు అది చూసి, పని ఎగ్గొట్టానని నోటీసు ఇచ్చాడు. రెండు రోజుల్లో ఇంగ్లీషులో జవాబివ్వకపోతే పర్మినెంటు జాబితాలోంచి నా పేరు తీసేస్తారట. దాని కోసం ఏళ్లుగా చూస్తున్నాను.

జవాబులు రాసిపెట్టేవాళ్లు ఉన్నారు. కానీ నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నా గురించి ఏం రాస్తున్నారో నాకు తెలియాలనిపించింది. జవాబు నేనే రాద్దామని, ఇంగ్లీషు చదువుకున్న కూతురి పక్కన కూర్చున్నాను.

"ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టాల. ఐ హ్యాడ్ స్వెప్ట్" అంది.

"ఎనక జరిగినదానికి?"

"అక్కర్లేదు."

"మరి నువ్వు పుట్టీసరికి నాకు పెళ్లయిపోయింది. దానికీ హ్యాడేనా?"

"దానికి మరీ పెట్టాలమ్మా, లేపోతే పరువు పోతాది!"

నవ్వుకున్నాం గానీ, ఆ రోజంతా నాకు అదే ఆలోచన. ఏది ముందు, ఏది వెనక? నీళ్లు వచ్చేసరికి బిందె పెట్టి ఉన్నానా? రైలు కదిలేసరికి ఎక్కి ఉన్నానా? ఇన్నాళ్లూ వీటిని విడదీసి చూడనేలేదు.

నేను రాసిచ్చిన కాగితం చదివి ఇన్‌స్పెక్టరు, పిన్నిని పిలిచినట్టు పిలిచి, బెంగాలీలో అన్నాడు: "మాషీ, ముందే ఊడ్చానని రాస్తే నమ్మేయాలా?"

వ్యాకరణం అక్కడ ఆగిపోయింది. నాకు తెలిసిన పనే మిగిలింది.

"బాబూ, మీరు చూసినప్పుడు కరపత్రాలు తడిగా ఉన్నాయా?"

"లేవు. కాళ్లకింద గలగలమన్నాయి."

"పొడిగా ఉన్నాయంటే కడిగిన రోడ్డు ఆరాక పడ్డవే. ఆ పొద్దున రోడ్డు కడిగారో లేదో నీళ్ల దాదానే అడగండి. ఊడవకుండా కడుగుతాడా?"

నీళ్ల దాదాని పిలిపించాడు. అతను కడిగానన్నాడు, ఊడవని సందు ఎందుకు కడుగుతానని ఎదురు కూడా అడిగాడు. ఇన్‌స్పెక్టరు నోటీసు మీద అడ్డగీత గీశాడు.

జాబితా గోడకి అంటించిన రోజు నా పేరు నేనే వెతుక్కున్నాను. దొరికాక కూడా అక్కడినుంచి కదల్లేదు. మిగతావాళ్లు ఎవరో చూడాలని కింది వరకూ కూడబలుక్కుంటూ చదివాను.