బీరపీచు లాంతరు

మా డ్రాయింగ్ సారు పోయారని నాకు నోటీసు పుస్తకం వల్ల తెలిసింది. మూడో పీరియడ్ మధ్యలో అటెండరు తెచ్చి సంతకం పెట్టమన్నాడు. 'మన పాఠశాల పూర్వ చిత్రలేఖన ఉపాధ్యాయులు ఆళ్లగడ్డలో ప్రభువునందు నిద్రించిరి. సాయంత్రం నాలుగు గంటలకు సంతాప సభ.' దాని కింద సంతకం పెట్టాను. పెట్టాక కోపం వచ్చింది. ఇంతవరకూ తగ్గలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను, పాఠకులు మన్నించాలి.

నంద్యాలలో ఆ బడికి నేను సైన్సు టీచరుగా వచ్చింది డెబ్బయిల చివర్లో. అప్పటికే ఆయన అక్కడ పాతకాపు. ఆళ్లగడ్డలో రేకు డబ్బాలు, గరాటులు చేసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే మొదట చదువుకున్న మనిషి. డ్రాయింగ్ పీరియడ్ అంటే మా బడిలో ఎవరి పాఠం మిగిలితే వాళ్లు లాక్కునేది. ఆయన రంగు సుద్దలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, లోపల లెక్కల సారు కనబడితే మాట్లాడకుండా వెనక్కి తిరిగేవారు. చూసిన నాకు ఒళ్లు మండేది. ఆయనకు మండేది కాదు. అందుకు ఆయన మీద కూడా కోపం వచ్చేది.

అలా మిగిలిపోయిన పీరియడ్‌లో నా లాబొరేటరీకి వచ్చేవారు. దారిలో ఏరుకున్నది ఏదో ఒకటి బల్ల మీద పెట్టేవారు. కందిరీగ గూడు ముక్క, ఎండిన తుమ్మకాయ, ఓసారి పాము కుబుసం. భూతద్దం అడిగి, దాని మీదికి వంగి, చాలాసేపటికి తల ఎత్తేవారు.

"దీన్ని చేసినోడు తొందరపడలే, టీచరమ్మా" అనేవారు. అదే ఆయన పెద్ద మెచ్చుకోలు.

లాంతరు ఆలోచన ఒక ఈస్టరు నాడు పుట్టింది. తెల్లారకముందే అందరం కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్లాం. గాలి విపరీతంగా ఉంది. ఒక ముసలామె తన బిడ్డ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తోంది, ఆరిపోతోంది, మళ్లీ వెలిగిస్తోంది. అగ్గిపెట్టె అయిపోయింది. ఆమె చీకట్లోనే ప్రార్థన చేసుకుని లేచి వచ్చేసింది. బడి తెరిచిన రోజున సారు నా దగ్గరికి వచ్చి ఆ సంగతే ఎత్తారు.

"గాజు చిమ్నీ లాంతరు పెట్టుకోవచ్చు కదా సార్" అన్నాను.

"పగిల్తే ఆయమ్మ మళ్లీ యాడ తెచ్చుకుంటాది? రేకుతో చెయ్యాల. గాలి రావాల, గానీ కొట్టకూడదు. ఆ రెండూ ఎట్ల కుదురుతాయో సూస్తాండా."

మూడు నెలలు చూశారు. మేకుతో వరసగా బొక్కలు కొట్టిన డబ్బాలో దీపం ఒక్క ఊపుకే ఆరిపోయింది. బొక్కలు చిన్నవి చేస్తే ఊపిరాడక ఆరిపోయింది. ఒకరోజు నేను పాఠం కోసం ఇంట్లోంచి ఎండిన బీరకాయ తెచ్చాను, ఒళ్లు రుద్దుకోవడానికి దాచుకునేదే. ఆయన దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కింద పెట్టి, నన్ను పిలిచారు.

"ఈడ సూడు. పైన నారలు అడ్డం పోతాండాయి. లోపల నారలు నిలువు. బొక్కకెదురుగా బొక్క ల్యా. గాలి దూరేది దూరుతాది, దాని జోరు మాత్రం ఈడనే సచ్చిపోతాది."

ఆ బీరపీచు ముక్క చేతబట్టుకుని, బెల్లు కొట్టకముందే రేకు కోసం వెళ్లిపోయారు.

రెండు రేకు గొట్టాలు చేశారు, ఒకదాంట్లో ఇంకొకటి పట్టేలా. పైదానికి అడ్డగాట్లు, లోపలిదానికి నిలువుగాట్లు. గాట్లు సమానంగా కాదు, బీరపీచులో ఉన్నట్టే ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా, వంకర తిరుగుతూ. ఆ ఆదివారం నేను ఆళ్లగడ్డ బస్సులో వెళ్తుంటే, రోడ్డు మీద ఎదురుగాలికి సైకిలు తొక్కుతూ మా సారు కనిపించారు. పట్టపగలు, హ్యాండిలుకు వెలుగుతున్న లాంతరు. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"ఏందప్పా, ఎండలో దీపం పెట్టుకోని పోతాండావ్?"

"గాలి యాడుంటే ఆడికి పోతాండానప్పా" అన్నారాయన, తొక్కడం ఆపకుండా.

బస్సంతా నవ్వింది. లాంతరు ఆరలేదు.

మరుసటి ఈస్టరుకు తోటలో పదకొండు లాంతర్లు పెట్టారు. మొదటిది ఆ ముసలామెకే ఇచ్చారు. సమాధుల సున్నం గోడల మీద బీరపీచు అల్లిక నీడలు పడ్డాయి. ఆమె తెల్లారేదాకా అక్కడే కూర్చుంది.

ఇక్కడిదాకా రాయడం తేలిక.

మా బడి నడిపే కరస్పాండెంటుకు ఇంజనీరింగు చదివే కొడుకు ఉన్నాడు. కర్నూలులో బడుల ప్రదర్శన పెడితే మా బడి నుంచి ఆ లాంతరు వెళ్లింది. దాని ముందు పెట్టిన చీటీ మీద 'రూపకల్పన' అన్న మాట పక్కన ఆ కొడుకు పేరు ఉంది. వాడు ఆ లాంతరును చేత్తో ముట్టి ఉండడు. బహుమతి వచ్చింది. లాంతరును ఆఫీసు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు, చీటీతో సహా.

హాజరు పట్టీ ఇవ్వడానికి నేను ఆఫీసులో ఉన్నప్పుడే సారు లోపలికి వచ్చారు.

"సార్, చీటీ మీద నా పేరు ల్యా."

"రేకు స్కూలుది, టైము స్కూలుది" అన్నాడు కరస్పాండెంటు. "దేవుని పని చేసి పేరడుగుతావేందప్పా?"

"దేవుని పేరు రాసింటే అడగను సార్. మీ పిల్లోని పేరు రాసినారు." ఆ తర్వాత నా వైపు తిరిగారు. "టీచరమ్మ సూసింది. మూడు నెలలు పక్కనే ఉండింది. అడగండి."

కరస్పాండెంటు నన్ను అడగలేదు, ఊరికే చూశాడు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను హాజరు పట్టీలో పేర్లు చదువుతూ నిలబడ్డాను. సారు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా లాబొరేటరీకి వచ్చేవారు, భూతద్దం మాత్రం అడగలేదు. మరుసటి ఏడు డ్రాయింగ్ పోస్టు అక్కరలేదని తీసేశారు. ఆయన ఆళ్లగడ్డకు పోయి అంగళ్లకు బోర్డులు రాసుకుంటూ బతికారు. మళ్లీ లాంతరు చేయలేదు. నేను ఆ బడిలోనే ఉండిపోయాను, నా ఉద్యోగం ఖాయమైంది.

సంతాప సభలో కరస్పాండెంటే మొదట మాట్లాడాడు. సారు నిరాడంబరుడట. పేరు కోరుకోని కర్మయోగి అట.

"ఆయన పేరు కోరుకున్నారు" అన్నాను లేచి. "మిమ్మల్నే అడిగారు, నా ఎదురుగానే. మీరు ఇవ్వలేదు. నేను నోరు విప్పలేదు."

"ఇప్పుడా మాటలేందమ్మా" అన్నాడు.

"అప్పుడు చెప్పనందుకే ఇప్పుడు సార్."

లెక్కల సారు తల దించుకున్నాడు. నేను ఆఫీసు గదికి వెళ్లి, అద్దాల పెట్టెలోంచి ఆ చీటీ తీసి చించి, సారు పేరు రాసి పెట్టాను. మర్నాటికి దాన్ని తీసేశారు. మళ్లీ రాశాను. మళ్లీ తీశారు. ఇప్పటికి నాలుగు చీటీలయ్యాయి. నాకు మెమో వచ్చింది, దానికి జవాబులోనూ ఆయన పేరే రాశాను.

నిన్న ఆళ్లగడ్డ వెళ్లాను. సారు భార్య బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది. జరిగినదంతా చెప్పి, పత్రికలో ఆయన గురించి రాస్తానన్నాను.

"రాయక్కా. పేరు మాత్రం రాయొద్దు" అంది. "ముందు ఆ పెట్టె మీద ఉండనీ. ఆడ నిలిచినంక యాడన్నా రాసుకో."

అందుకే ఇందులో ఆయన పేరు లేదు.

ఆమె చేతిలో ఆయన తెల్లచొక్కా ఉంది, దాని చేతుల మీద బోర్డులు రాసిన పచ్చరంగు మరకలతో. పోయినవాళ్ల బట్టలు ఎవరికైనా ఇవ్వాలి కదా, మరకతో ఎట్లిచ్చేది అంది. ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. మరక అలాగే ఉంది. మళ్లీ నీళ్లలో ముంచి, బలమంతా పెట్టి బండకేసి బాదింది. చూసింది. మళ్లీ ముంచింది.