చీర అంచుకు పసుపు

కొత్త చీర ఇంటికి రాగానే అంచుకు పసుపు పెట్టేదాన్ని. మనవాళ్లందరూ కట్టుకోబోయే ముందు పెడతారు. నేను చెప్పులు విప్పకముందే పెట్టేదాన్ని. అది భక్తి కాదు. పసుపు తగిలిన చీరను కొట్టువాడు వెనక్కి తీసుకోడు. ఇక మా ఆయన "తిరిగిచ్చీసి రా" అనడానికి ఉండదు.

మేముండే హిందీవాళ్ల ఊళ్లో ఆయన కార్ఖానా ఫిట్టరు. షిఫ్టు నుంచి వచ్చి ఆ పచ్చటి అంచు చూసి నవ్వేసేవాడు. "పసుపు పెట్టీసినావు కదేటే, పెళ్లయిపోయినట్టే. ఇంక నానేటంటాను?"

నేనూ నవ్వేదాన్ని. మీద కూర్చుంటే గాని నా చీరల పెట్టె మూత పడేది కాదు. కావాలని కొన్న చీరలు తక్కువ. కొట్టువాడు చీరను గాలిలోకి విసిరి పరిచేసరికి నా నోట "ఇచ్చెయ్" అని వచ్చేసేది. ఇంటికి తెచ్చాక దాని మీద మోజే ఉండేది కాదు.

ఇది మానాలని ఒక ఉపాయం ఆలోచించాను. బజారుకు కూతుర్ని వెంట తీసుకెళ్లాలి. పిల్ల పక్కనుంటే సిగ్గుపడి ఊరుకుంటాను కదా అని.

ఆ చలికాలం దానికి బడి స్వెటర్ కొనడానికి సాక్చి బజారుకు వెళ్లాం. ఊలు కొట్టుకు చీరల కొట్ల ముందు నుంచే దారి. గుమ్మానికి ఆకుపచ్చ చీర వేలాడుతోంది, వంకాయ రంగు అంచు.

"చలో న, అమ్మా," అని పిల్ల నా చెయ్యి లాగింది.

"ఊరికే చూసి వచ్చీద్దావే."

స్వెటర్ డబ్బులు అక్కడే అయిపోయాయి. బయటికొచ్చాక అడిగింది, "మరి నా స్వెటరేటి?"

"వచ్చే జీతానికి కొంటాన్లే. పాతది ఉంది కదా."

"దాని చేతులు ఇక్కడికే వత్తన్నాయి," అని మోచెయ్యి చూపించింది. చూడనట్టు నడిచాను.

ఇంటికి రాగానే అలవాటుగా పసుపు పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న మంచులో అది వాళ్ల నాన్న స్వెటర్ వేసుకుని బయల్దేరింది. వీధి మలుపులో స్నేహితురాళ్లు "పాపా కా స్వెటర్!" అంటూ, నాన్న స్వెటరని పడీపడీ నవ్వారు. అది విప్పేసి సంచిలో కుక్కుకుంది.

"ఏసుకోయే, సలేత్తాది!" అని వరండాలోంచి అరిచాను.

"ఠండ్ నహీ హై," అంది, వెనక్కి తిరక్కుండానే. చలి లేదట. రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నడిచింది.

ఆ రోజే చీర అంచును సబ్బు పెట్టి ఉతికాను. పసుపు ఎర్రబడింది. నిమ్మకాయ రుద్దాను. ఆరేసి, మడతపెట్టి, పరుపు కింద అణిచి కొట్టుకు పట్టుకెళ్లాను. కొట్టువాడు అంచును వెలుతురుకు పట్టి చూశాడు.

"హల్దీ లగ్ గయీ, భాభీజీ. అబ్ ఆప్ కీ హో గయీ."

పసుపు తగిలింది, ఇక మీదేనని. కసరలేదు, టీ కూడా తెప్పించాడు. తాగుతుంటే ఇంకో చీర విసిరి పరిచాడు. అంత సిగ్గులోనూ నా చెయ్యి దాని మీదికి పోయింది. గ్లాసు వదిలేసి లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. ఈసారి నవ్వలేదు.

"ఇన్నాళ్లూ నన్ను నవ్వించి దాటీసినావు. పిల్లనేటి చేసి నవ్విత్తావు?"

జీతం రాగానే ఆయనే పిల్లను తీసుకెళ్లి స్వెటర్ కొన్నాడు. అది ఇంట్లోకి వస్తూనే పసుపు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"దీనికీ పెట్టు. జల్దీ."

"ఊలుబట్టకి ఎవరు పెడతారే?"

"నువ్వు పెట్టీ. పెడితే మళ్లీ దీన్ని చీరకి మార్చీలేవు కదా."

మెడపట్టీ లోపల పెట్టాను. అది దగ్గరుండి చూసింది.

తర్వాత చాలా తగ్గించాను. పూర్తిగా మానేశానని రాయను. మనవలతో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నది అబద్ధాలు రాయడానికి కాదు. అయితే నేను బజారు నుంచి ఆకుకూర తెచ్చినా సరే, నా కూతురు ముందు సంచిలోకి చూసేది, ఆ తర్వాతే నా మొహంలోకి. పెళ్లయి వెళ్లేదాకా అలాగే చూసింది. దాన్ని ఒక్కనాడూ కసరలేదు. గుమ్మంలోనే సంచి నోరు విప్పి పట్టుకునేదాన్ని.