కెల్టుల యుద్ధబూర ముందు మా మామ కొమ్ము

ఈ ప్రయాణానికి కారణం నా సిగ్గు. మా మేనమామ వరంగల్ నుంచి ఈ దేశం వచ్చి, నగర శివారు క్రాన్‌బర్న్‌లో పాతికేళ్ళు ఉన్నాడు. ఇక్కడి బోనాల ఊరేగింపులో ప్రతి ఏడూ ఆయన ఇత్తడి కొమ్మే ముందు మోగేది. కొమ్ము ఊదేవాడు పోతే మేనల్లుడు మూడుసార్లు ఊది సాగనంపడం మా ఇంటి ఆనవాయితీ. మామ పోయిన రోజు దహనశాలలో సూట్లు వేసుకున్న ఆఫీసువాళ్ళ మధ్య నాకు చెయ్యి లేవలేదు. తర్వాత కొమ్మును గ్యారేజీలో పడేశాను, ఏదో మీద పడి అతుకు దగ్గర పగిలింది. రెండేళ్ళకు అత్తమ్మ, అంటే మామ భార్య, దాన్ని చూసింది. తిట్టినా బాగుండేది. "బాగు చేపియ్యి" అని ఊరుకుంది.

వెతగ్గా వెతగ్గా బల్లారట్ దాటాక, ఒకప్పుడు బంగారం తవ్విన ఊళ్ళో గ్రాంట్ అనే కంచు పనివాడు దొరికాడు. ఐరోపా తవ్వకాల్లో బయటపడ్డ కెల్టులనే ప్రాచీన తెగల యుద్ధబూరలకు నకళ్ళు చేస్తాడు. శనివారం పదకొండింటికి వాటిని చూపించి ఊదుతాడు. మనిషికి పదిహేను డాలర్లు, రిపేరు లెక్క వేరు. క్లైడ్ నార్త్‌లోని మా ఇంటి నుంచి ఎనిమిదింటికి బయలుదేరి మొనాష్ ఫ్రీవే, వెస్ట్ గేట్ వంతెన, వెస్టర్న్ ఫ్రీవే మీదుగా రెండున్నర గంటల్లో చేరాం. కొమ్మును డిక్కీలో పెట్టనివ్వలేదు అత్తమ్మ. ఒళ్ళో పెట్టుకుని, దానికీ కలిపి సీటు బెల్టు వేసుకుంది.

ఆ ఊరి బేకరీలో కాఫీ తాగుతుంటే కౌంటరు దగ్గరి పెద్దావిడ, "గ్రాంట్ దగ్గరికా? అతను ఊదితే మా కుక్క మంచం కింద దూరి సాయంత్రం దాకా రాదు" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. అక్కడి నుంచి పది నిమిషాలు మట్టి రోడ్డు. రెండు పక్కలా కంచె వేసిన పాత గని గోతులు, వాటిలోంచి లేస్తున్నట్టున్న మంచు; ఇక్కడ జూలై అంటే చలికాలం.

షెడ్డు గోడకు ఆనించి, మనిషికంటే ఎత్తుగా, అడవిపంది తలతో నిలబడి ఉంది కార్నిక్స్ అనే ఆ యుద్ధబూర. తెరిచిన నోట్లో చెక్క నాలుక.

"రెండు వేల ఏళ్ళ నాటి బూరకు నకలు. తలల మీదుగా నిలువుగా ఎత్తి ఊదేవాళ్ళు. మంచులోంచి ముందు ఈ తలలే కనిపించేవి శత్రువుకు" అన్నాడు గ్రాంట్. "ఆ కాలపు అసలు బూరల్లో కొన్నింటిని కెల్టులే విరిచి గోతిలో పూడ్చారు. ఎందుకో ఎవరికీ తెలీదు, మేట్."

అత్తమ్మకు తెలుగులో చెప్పాను. "ఊదెటోడు పోయుంటడు. ఆయనతోని పంపిండ్రు" అంది.

గ్రాంట్ బూర ఎత్తి ఊదాడు. దూరంగా ఎవరో మూలుగుతున్నట్టు మొదలై, షెడ్డు రేకులు అదిరేదాకా పెరిగింది. నాలుక టకటకా కొట్టుకుంది. బయట మాగ్‌పై పిట్టలు నోరు మూసుకున్నాయి. నాకు నిజంగా భయమేసింది.

బూరను గోడకు ఆనించి, అతను మా కొమ్ము పగులు తడిమి చూశాడు. "గంట పని, ఎనభై డాలర్లు. అతికితే గొంతు మారచ్చు. ముందోసారి ఊదు, వింటాను. ఇంకొకరి బూరకు నేను పెదవి ఆనించను."

అత్తమ్మ చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడింది. నేను కొమ్ము ఎత్తాను. మొదటిసారి పగులులోంచి గాలే పోయింది. రెండోసారి ఏదో బొంగురు. పగులును అరచేత్తో మూసి, కళ్ళు మూసుకుని మూడోసారి ఊదాను. మామ గొంతే అది.

నేను కొమ్ము దించాక, అంతా సద్దుమణిగాక, గోడ దగ్గర పంది నోట్లో నాలుక ఒక్కసారి టక్కుమంది.

"గాలికి కదులుతుందా?" అని అడిగాను.

"నేను ఊదితేనే కదులుతుంది" అన్నాడు గ్రాంట్, దాని వైపే చూస్తూ.

"మీ మామ ఇగ పోయిండు" అంది అత్తమ్మ. "అతకొద్దు బిడ్డా. పోదాం పా."

నాలుక ఎందుకు కదిలిందో నాకు తెలీదు. కొమ్ము శబ్దానికి అది అదిరి ఉంటుందని పగటిపూట నాకు నేను చెప్పుకుంటాను. రెండేళ్ళు ఆయన్ను గ్యారేజీలో నిలబెట్టి ఉంచానన్న బాధ మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కొమ్మును డిక్కీలో పెట్టమని అత్తమ్మే చెప్పింది. ఖాళీ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఇల్లు చేరేదాకా నిద్రపోయింది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: బాగు చేయించడానికి వాద్యం తీసుకెళ్తుంటే, దాన్ని ఊదవలసిన మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.